నాస్తికుడు సిరిమాను చూడడానికి రాకూడదా? నాస్తికత్వం అనే మాట మీద ఒక చర్చ

గంటస్తంభం (విజయనగరం), చర్చ ప్రారంభించినవారు

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటి సాయంత్రం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక బట్టల దుకాణం మెట్ల మీద నిలబడి ఉన్నాను. అంత పొడవు చింతమాను చివర పూజారి కూర్చుని కోట వైపు సాగుతుండగా, చుట్టూ ఉన్నవారు అరటిపళ్ళు విసురుతుండగా, పదిహేనేళ్ళ క్రితం నా దగ్గర ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం చదువుకున్న ఒకతను జనాన్ని తప్పించుకుంటూ వచ్చి నమస్కారం పెట్టి, "ఏటి మాస్టారూ, మీరు నాస్తికులు గదా, సిరిమానుకి వచ్చీసినారేటి?" అని అడిగాడు. గొంతులో వెటకారం లేదు గానీ, దొంగను పట్టుకున్న సంతోషం కొద్దిగా ఉంది. చూడడానికి వచ్చానన్నాను. "చూస్తే నమ్మినట్టే గదా" అన్నాడు. ఈలోగా వెనుక నుంచి జనం ఒక్కసారిగా తోసుకు రావడంతో అతను ఎటు పోయాడో తెలియలేదు; చెప్పవలసిన జవాబు నా దగ్గరే మిగిలిపోయింది.

ఆ జవాబును ఇక్కడ పెడుతున్నాను. దేవుడు ఉన్నాడన్న మాటను నమ్మనివాడు నాస్తికుడు. ఆ మాటకు ఉన్న అర్థం అంతవరకే. అతను శాకాహారా మాంసాహారా, ఏ పార్టీకి ఓటు వేస్తాడు, తల్లిదండ్రులను చూసుకుంటాడా లేదా, పండగకు కొత్త బట్టలు కట్టుకుంటాడా లేదా అన్నవి ఆ మాటలో లేవు. వాటిని ఆ మనిషిని విడిగా అడిగి తెలుసుకోవలసిందే. కాని పాతికేళ్ళుగా నేను వింటున్నది వేరు. నాస్తికుడంటే దేవుడి మీద కోపం ఉన్నవాడు, నాస్తికుడంటే కమ్యూనిస్టు, నాస్తికుడంటే పాపభీతి లేనివాడు, నాస్తికుడంటే విదేశీ చదువులు చదివి చెడిపోయినవాడు. ఒకాయన మా ఇంటికి వచ్చి గోడ మీద మా నాన్నగారి ఫోటోకు దండ ఉండడం చూసి, నేను మారిపోయానని సంతోషించి వెళ్ళారు.

తెలుగులో ఇంకొక చిక్కు కూడా ఉంది. మనం "పని నాస్తి, ఫలితం నాస్తి" అని అంటుంటాం కదా. ఆ అలవాటు వలన నాస్తికుడు అనగానే, నీతి నాస్తి, బంధుత్వం నాస్తి, పండగ నాస్తి, అన్నీ సున్నా చుట్టినవాడు అన్న ధ్వని వినిపిస్తుంది. ఒక్క విషయంలో "లేదు" అన్నవాడికి అన్నింటిలోనూ లేమిని అంటగట్టడం సరికాదని నా అభిప్రాయం. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

అరసవల్లి కిరణం (శ్రీకాకుళం)

మాస్టారూ, నేను భక్తురాలిని. రథసప్తమికి అర్ధరాత్రి నుంచి వరుసలో నిలబడేదాన్ని. అయినా మీరు మర్యాదగా రాశారు కాబట్టి మర్యాదగానే అడుగుతాను. కోపం సంగతి మొదట చూద్దాం. నాకు తెలిసిన ఇద్దరు నాస్తికులూ ఇంట్లో అకాలమరణం సంభవించిన తరువాత గుడికి వెళ్ళడం మానుకున్నవారే. అది అలక కాక మరేమిటి? ఇక రెండవది, నాకు నిజంగా జవాబు కావలసినది: ఎవరూ చూడనప్పుడు మిమ్మల్ని తప్పు చేయకుండా ఆపేది ఏది? నన్ను ఆపేది నాకు తెలుసు.

గంటస్తంభం (విజయనగరం)

అమ్మా, మొదటిది సులువు. అలిగినవారు అలిగినవారే, వారిని నేను నాస్తికులుగా లెక్కించను. ఎదురుగా ఒకరు ఉన్నారని నమ్మితేనే వారి మీద అలగగలం. ఆ మాటకొస్తే మన సంప్రదాయంలో దేవుడిని తిట్టిపోసినవారు పరమభక్తులు. నిందాస్తుతి అని దానికొక పేరే ఉంది. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముడిని నిలదీశాడని మనం చెప్పుకుంటాం గాని, ఆయనను నాస్తికుడని ఎవరూ అనరు. మీకు తెలిసిన ఆ ఇద్దరూ రేపు మళ్ళీ గుడికి వెళ్ళవచ్చు, అందులో విచిత్రం లేదు. అయితే దుఃఖంతో మొదలై, ఆలోచించి, కోపం చల్లారిన తరువాత కూడా నమ్మకం తిరిగి రానివారు కొందరు ఉంటారు. వారి ప్రయాణం అలకతో మొదలైనంత మాత్రాన చేరిన చోటు కూడా అలకే అనుకోకూడదు.

రెండవ ప్రశ్నకు కొంచెం సమయం కావాలి.

వీణ తీగ (బొబ్బిలి)

మాస్టారు చెప్పిన అర్థం ఈనాటి వాడుకలో సరైనదే గాని, ఈ మాట పుట్టిన చోట దానికి దేవుడితో సంబంధమే లేదన్న సంగతి కూడా చర్చలో ఉండాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సంస్కృతం చెప్పినదాన్ని కాబట్టి కొంచెం విస్తరిస్తే మన్నించండి.

పాణిని "అస్తి నాస్తి దిష్టం మతిః" అని ఒక సూత్రం చేశాడు. ఉంది అనే మతి కలవాడు ఆస్తికుడు, లేదు అనే మతి కలవాడు నాస్తికుడు. ఏది ఉంది, ఏది లేదు అన్న ప్రశ్నకు వ్యాఖ్యాతలు చెప్పినది పరలోకం. మనుస్మృతి దగ్గరకు వచ్చేసరికి "నాస్తికో వేదనిందకః" అన్నారు. అంటే వేదాన్ని నిందించేవాడు నాస్తికుడయ్యాడు. దర్శనాలను, అంటే తత్త్వశాస్త్ర శాఖలను, ఆస్తికాలు, నాస్తికాలు అని విడదీసినది ఈ కొలతతోనే. ఆ కొలత ప్రకారం బౌద్ధ, జైన, చార్వాకాలు నాస్తికాలు. సాంఖ్యమేమో ఆస్తికం, కాని ఈశ్వరకృష్ణుని కారికలలో ఉన్న సాంఖ్యం ఇరవై అయిదు తత్త్వాలను లెక్కపెట్టినప్పుడు అందులో ఈశ్వరుడు లేడు. వేదంలోని యజ్ఞవిధులను విచారించే పూర్వమీమాంస ఇంకా విచిత్రం. వేదం అక్షరం అక్షరం ప్రమాణమని వాదించిన కుమారిలభట్టు, ఈ లోకాన్ని ఒక సృష్టికర్త చేశాడన్న వాదాన్ని శ్లోకవార్తికంలో తీవ్రంగా ఖండించాడు. యజ్ఞం చేస్తే దాని ఫలం యజ్ఞం నుంచే వస్తుంది, మధ్యలో ఇచ్చేవాడు ఒకడు అక్కరలేదు అన్నది వారి మాట. ఈనాటి అర్థంలో కుమారిలభట్టును ఏమని పిలవాలో మీరే చెప్పండి.

ఇది ఎక్కడో కాశీలో జరిగిన తగువు కూడా కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద ఉన్నవి బౌద్ధ స్తూపాలు. మన విజయనగరం దగ్గర రామతీర్థంలో రాముడి గుడికి ఎదురూ పక్కా ఉన్న కొండలలో గురుభక్తులకొండ మీద బౌద్ధారామం, బోధికొండ మీద జైన శిల్పాలు ఉన్నాయి. మనువు కొలతతో చూస్తే నాస్తికులు కట్టుకున్న ఆ చోట్ల మన ముత్తాతల ముత్తాతలు ఉపవాసాలు చేశారు, భిక్ష పెట్టారు. కనుక నాస్తికత్వం విదేశాల నుంచి దిగుమతి అయిందనే మాట మాత్రం నేను ఒప్పుకోను.

పలాస ప్యాసింజరు (పలాస)

అమ్మగారూ, ఇన్నాళ్ళూ నాకు తెలిసిన చార్వాకం ఒక్క శ్లోకమే: అప్పు చేసైనా నెయ్యి తాగమన్నది. మా తెలుగు మాస్టారు తరగతిలో అది చెప్పి నవ్వించేవారు. అది కూడా అపార్థమేనా?

వీణ తీగ (బొబ్బిలి)

చార్వాకులు తమ చేత్తో రాసుకున్న గ్రంథాలు మనకు దక్కలేదు నాయనా. పద్నాలుగవ శతాబ్దంలో మాధవాచార్యులు అన్ని దర్శనాలనూ సంగ్రహిస్తూ మొట్టమొదట చార్వాకాన్ని పెట్టి, దానిని ఖండించడానికి ముందు వారి మాటలుగా కొన్ని శ్లోకాలు ఇచ్చారు. మీ మాస్టారు చెప్పినది ఆ వరుసలోనిదే. ఎదుటి పక్షం వకీలు వినిపించిన వాంగ్మూలం తప్ప ముద్దాయి గొంతు మనకు వినబడలేదన్నమాట. ప్రత్యక్షంగా కనబడేదే ప్రమాణం, కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని ఊహించడం (శాస్త్రంలో దాని పేరు అనుమానం) మీద గుడ్డిగా ఆధారపడకూడదు అన్నది వారి అసలు వాదం. అది జ్ఞానం గురించిన పట్టుదల. నెయ్యి గురించినది కాదు. అయినా నెయ్యి శ్లోకమే నిలిచింది, ఎందుకంటే నవ్వు తెప్పించేది సులువుగా నోటికి వస్తుంది.

తెర్లాం కుర్రాడు (తెర్లాం)

పెద్దలందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగు చదువుతున్నాను. ఒక్క సందేహం. దేవుడు ఉన్నాడని ఎవరూ నిరూపించలేదు, సరే. లేడని మాత్రం ఎవరు నిరూపించారు? నిరూపణ లేకుండా లేడని అనడం కూడా ఒక నమ్మకమే కదా? అటువంటప్పుడు నాస్తికత్వం కూడా ఒక మతమే అవుతుంది.

గంటస్తంభం (విజయనగరం)

బాబూ, చిన్నప్పుడు చింతపిక్కలతో సరి-బేసి ఆడావా? నేను గుప్పిట నిండా పిక్కలు తీసుకుని మూసి నీ ముందు చాపాను. నీ పక్కన ఉన్నవాడు "సరి" అన్నాడు. నువ్వు నన్ను "అతని మాట నమ్ముతారా?" అని అడిగావు. నేను లెక్కపెట్టలేదు కాబట్టి నమ్మనన్నాను. అలా అన్నంత మాత్రాన నేను "బేసి" అన్నట్టా? కాదు. పిక్కలు సరో బేసో ఏదో ఒకటి అయి తీరతాయి. నేను చెప్పినది పిక్కల సంగతి కాదు, అతని మాటకు ఆధారం చాలదన్న సంగతి. చాలామంది నాస్తికుల స్థితి ఇదే. "ఉన్నాడని నమ్మను" అనడానికీ "లేడని నమ్ముతాను" అనడానికీ మధ్య ఉన్న సందు మన నోట్లో పడి పూడిపోతుంది, ఎందుకంటే తెలుగులో "నేను దేవుణ్ణి నమ్మను" అన్న ఒక్క వాక్యంతోనే ఆ రెండూ చెప్పేస్తాం.

రెండవ స్థితిలో ఉన్నవారూ ఉన్నారు. వారు "లేడు" అని గట్టిగా అంటారు. అలా అన్నవారు తమ మాటకు తామే ఆధారం చూపాలి, ఆ విషయంలో నువ్వు చెప్పినది న్యాయమే. నేను ఒక్కొక్కప్పుడు ఇటూ ఒక్కొక్కప్పుడు అటూ ఉంటాను. ఏ దేవుడి గురించి అడుగుతున్నారన్న దాన్ని బట్టి మారుతుంది: గ్రహణాన్ని పాము మింగడంగా చెప్పే కథ మీద నాకు "లేదు" అనడానికి తగిన ఆధారం ఉంది, ఈ సృష్టికంతటికీ మూలమైన ఏదో ఒకటి అని మీరంటే నా దగ్గర ఉన్నది గుప్పిట్లోని పిక్కలే.

మతం అన్నావు కాబట్టి ఆ ముక్క కూడా. మతానికి పూజ, గురువు, పుణ్యక్షేత్రం, పెళ్ళి తంతు, చావు తంతు, చెయ్యవలసినవీ చెయ్యకూడనివీ ఉంటాయి. నమ్మకపోవడం అనే ఒక్క ముక్కలో ఇవేవీ లేవు. నాస్తికులు సంఘంగా ఏర్పడి సభలు పెట్టుకుంటే అది సంఘం అవుతుంది, పట్టుదల ఎక్కువై ఎదుటివాడి మాట విననివారైతే అది మొండితనం అవుతుంది. ఆ మొండితనం నాస్తికులలో లేదని నేను అనను.

పలాస ప్యాసింజరు (పలాస)

అయితే నాకు తెలియదు అనేవారిని ఏమనాలి? నేను ఆ కోవలో ఉన్నాననుకుంటాను.

వీణ తీగ (బొబ్బిలి)

అజ్ఞేయవాది అంటున్నారు. 1869లో థామస్ హక్స్లీ అనే ఇంగ్లీషు జీవశాస్త్రవేత్త కల్పించిన మాటకు మన అనువాదమది. తెలుసుకోవడం సాధ్యమా అన్నది ఒక ప్రశ్న, నమ్ముతున్నావా అన్నది వేరొక ప్రశ్న కాబట్టి, ఒకే మనిషి "తెలియదు, కనుక నమ్మను" అని రెండూ కావచ్చు. "తెలియదు, అయినా నమ్ముతాను" అనే భక్తులు మా ఇంట్లోనే ఉన్నారు. లోకం ఎలా మొదలైందని అడిగే ఋగ్వేద నాసదీయ సూక్తం పదవ మండలంలో ఉంది. పైనున్న అధ్యక్షుడికైనా తెలుసో తెలియదో అన్న సందేహంతోనే అది ముగుస్తుంది. వేదంలో ఉన్న సందేహానికి మనం సిగ్గుపడనవసరం లేదు.

కోర్టు గుమాస్తా, విశ్రాంత (శ్రీకాకుళం)

ఈ చర్చలో తత్త్వం బాగా నడుస్తోంది. నాకు తెలిసినది చట్టం ఒక్కటే కనుక దాని వరకు చెబుతాను.

సినిమాలలో సాక్షి చేయి భగవద్గీత మీద పెట్టి ప్రమాణం చేస్తాడు. ఇన్నేళ్ళ నౌకరీలో నేను ఎవరి చేతా అలా చేయించలేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి దేవుని పేరు మీద ప్రమాణం చేయవచ్చు; దేవుని పేరు వద్దనుకుంటే ఆత్మసాక్షిగా నిజమే చెబుతానని అనవచ్చు. రెండింటికీ విలువ ఒకటే, అబద్ధమాడితే శిక్షా ఒకటే. శాసనసభ్యులకూ మంత్రులకూ రాజ్యాంగం మూడవ షెడ్యూలులో ఇచ్చిన ప్రమాణపత్రంలో కూడా ఈ రెండు దారులూ ఉన్నాయి. ఒకసారి ఒక సాక్షి, పొందూరు వైపు పెద్దాయన, దేవుని పేరు లేకుండా చెబుతానన్నారు. ఎదుటి పక్షం ప్లీడరు గారు అడ్డుప్రశ్నలలో, దేవుడిని నమ్మనివాడి మాటను కోర్టు ఎలా నమ్మాలని అడిగారు. జడ్జిగారు తల ఎత్తకుండానే ఆ ప్రశ్నను కొట్టివేయించారు. పెద్దాయన మాత్రం సరిహద్దు గట్టు మీద ఎన్ని తాటిచెట్లు ఉన్నాయో లెక్క చెప్పి దిగిపోయారు. ఆ లెక్క కమిషనరు నివేదికలోని లెక్కతో సరిపోయింది.

ఇంకొక అపోహ ఉంది. నాస్తికుడినని ప్రకటిస్తే హిందూ చట్టం నుంచి బయటపడిపోతామని కొందరు అనుకుంటారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం రెండవ సెక్షను చూడండి. హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులతో పాటు, ముస్లిం, క్రైస్తవ, పార్శీ, యూదు మతస్థులు కానివారికి కూడా అది సాధారణంగా వర్తిస్తుంది. హిందూ ఇంట పుట్టిన నాస్తికుడి పెళ్ళికీ తగువుకీ అదే చట్టం. తంతు లేకుండా పెళ్ళి కావాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది; దానికి ముప్పై రోజుల నోటీసు ఉంటుంది, ఏ మతం వారైనా చేసుకోవచ్చు.

జనాభా లెక్కల మాట కూడా వచ్చే ముందే చెప్పేస్తాను. 2011 లెక్కలలో మతం తెలుపనివారు సుమారు 28.7 లక్షలు, అంటే జనాభాలో 0.24 శాతం. వారందరూ నాస్తికులని ఉపన్యాసాలలో చెబుతుంటారు. తెలుపకపోవడం వేరు, లేకపోవడం వేరు. అలాగే హిందువు అని రాయించుకున్న నాస్తికులు ఆ లెక్కలో కనబడరు. వారిలో ఒకరు ఈ చర్చ మొదలుపెట్టారని నా అనుమానం.

గంటస్తంభం (విజయనగరం)

అనుమానం నిజమే. లెక్కలు రాయడానికి వచ్చిన ఉపాధ్యాయురాలికి మా ఆవిడ చెప్పింది, ఆవిడ రాసుకుంది. నేను లోపల చొక్కా వేసుకుంటున్నాను.

ఇక అరసవల్లి అమ్మగారి ప్రశ్న. నేను ప్రతి మార్చిలోనూ పరీక్ష హాలులో తిరుగుతాను. జవాబు పత్రం తల మీద "ఓం" అనో "శ్రీరామ" అనో రాసుకునేవారు సగానికి పైగా ఉంటారు, సిలువ గుర్తు వేసుకునేవారు కొందరు, ఏమీ రాయకుండా మొదలుపెట్టేవారు కొందరు. చీటీలు నాకు ఈ మూడు రకాల వారి దగ్గరా దొరికాయి. నేను నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు పక్కవాడి కాగితం చూడనివారు కూడా ఈ మూడు రకాలలోనూ ఉన్నారు. పట్టుబడినవాడిని ఎందుకు చేశావని అడిగితే ఇంటి దగ్గర భయమనో, చదవలేదనో, అందరూ చేస్తున్నారనో అంటాడు. దేవుడు చూడడనుకున్నాను అని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. చెయ్యనివాడిని అడిగితే వాడు సిగ్గుపడి ఊరుకుంటాడు. నన్ను ఆపేది కూడా దాదాపు అటువంటిదే. మా అమ్మ పెంపకం, ఎదుటివాడికి తగిలే దెబ్బ ఎలా ఉంటుందో తెలియడం, నాలుగు రోజుల తరువాత అద్దంలో నా ముఖం నేను చూసుకోవలసి రావడం. ఇవి చాలవని మీరనవచ్చు. చాలనివారు ఉన్నారు, మీ వైపూ మా వైపూ.

వీణ తీగ (బొబ్బిలి)

దీనికి ఒక్క మాట కలుపుతాను. ధర్మం నిలబడడానికి ఈశ్వరుడు ఉండి తీరాలన్నది మన సంప్రదాయంలో అందరూ ఒప్పుకున్నది కాదు. మీమాంసకులకు ధర్మం వేదవిధి నుంచి వచ్చింది, వేదాన్ని రాసిన దేవుడు కూడా వారికి లేడు. సృష్టికర్తను ఒప్పుకోని జైనులు నీళ్ళు వడగట్టుకుని తాగేంత దూరం అహింసను తీసుకువెళ్ళారు.

అరసవల్లి కిరణం (శ్రీకాకుళం)

అమ్మా, మీ మాట చదివి రాత్రంతా ఆలోచించాను. మీరు చెప్పినవారికి దేవుడు లేకపోయినా కర్మ ఉంది. లెక్క చూసేవాడు లేడు గాని లెక్క ఉంది. ఈ జన్మలో తప్పించుకున్నవాడు పై జన్మలో కట్టి తీరాలి. మాస్టారికి లెక్క కూడా లేదు. ఆయన మంచివారే, అది ఆయన తల్లి చలవ. కాని ఒకడు జీవితమంతా ఊరిని దోచుకుని, సుఖంగా బతికి, నిద్రలోనే పోయాడనుకోండి. నా నమ్మకంలో ఆ పద్దు తెరిచే ఉంటుంది. మీ దగ్గర ఆ పద్దు ఎక్కడుంది?

గంటస్తంభం (విజయనగరం)

లేదమ్మా. నా దగ్గర ఆ పద్దు లేదు. అతను తప్పించుకున్నాడు, అంతే. అతను బతికి ఉండగానే పట్టుకోవలసిన పని మన మీద ఉండిందనీ, దాన్ని మనం చెయ్యలేదనీ మాత్రం అనగలను. నాస్తికుడిగా ఉండడంలో నాకు కష్టంగా తోచేది ఇదొక్కటే, దీన్ని దాచి మాట్లాడడం నాకిష్టం లేదు.

కళింగపట్నం లైటు (కళింగపట్నం)

నేను నాస్తికుడిని. మూడేళ్ళ క్రితం నాన్న పోయారు. కర్మ చేయాలా వద్దా అన్న ప్రశ్న నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఎందుకంటే అమ్మ నా వైపు చూసింది. పది రోజులూ చేశాను. పదో రోజు వంశధార ఒడ్డున పిండం పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. పురోహితులు గారు, ఆయనకు తీరని కోరిక ఏదో మిగిలిపోయి ఉంటుంది, చెప్పుకోండి అన్నారు. ఒకరి తరువాత ఒకరు వచ్చి మొక్కారు: చెల్లి పెళ్ళి చేస్తామన్నారు, ఇల్లు అమ్మబోమన్నారు. కాకి రాలేదు. అప్పుడు మా పెద మావయ్య నా చెయ్యి పట్టుకుని, "మీ నాన్న బెంగంతా నీ మీదేరా. ఆ నాస్తికం వదిలేస్తానని ఒక్క మాట అను, ముడుతుంది" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను ఆ మాట అనలేకపోయాను. "అమ్మను నా దగ్గరే ఉంచుకుంటాను నాన్నా" అన్నాను. మేము కొబ్బరిచెట్ల నీడకు జరిగాక, కొంతసేపటికి ఒక కాకి వచ్చి అటూ ఇటూ గెంతి, ఒక మెతుకు ఎత్తుకుపోయింది.

నా మాట విని వచ్చిందని అమ్మ నమ్మింది. జనం దూరంగా జరిగారు కాబట్టి వచ్చిందని నేననుకున్నాను. కాని వచ్చేవరకు అందరికంటే ఎక్కువగా చెట్ల వైపు చూసినది నేనే. దానిని పట్టుకుని మావయ్య ఇప్పటికీ అంటుంటాడు, నీకు లోపల నమ్మకం ఉందిరా అని. నేను ఎదురు చూసినది అమ్మ ఏడుపు ఆగడం కోసం. ఆ తేడా మావయ్యకు చెప్పడం ఇంతవరకు నా వల్ల కాలేదు.

సాలూరు లారీ (సాలూరు)

సోదరుడి దుఃఖానికి నా సానుభూతి. అయినా నేను కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు. సిరిమానుకు వెళ్ళడం, పిండం పెట్టడం, జనాభా లెక్కలలో ఊరుకోవడం. ఇలా అయితే నమ్మేవారికీ మీకూ తేడా ఎవరికి కనబడుతుంది? గోరా గారు ఇలా చెయ్యలేదు. గోరాగా పేరుపొందిన గోపరాజు రామచంద్రరావు గారు 1902లో పుట్టినది మన ఇచ్ఛాపురం, బరంపురం దాటగానే వచ్చే ఛత్రపురంలో. ఆయన సహధర్మచారిణి సరస్వతి గారి పుట్టిల్లు ఈ విజయనగరమే. వృక్షశాస్త్రం చెప్పే కాలేజీ ఉద్యోగాలు నాస్తికత్వం వలన పోయినా మాట మార్చుకోలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. నిప్పుల మీద నడవడానికి మహిమ అక్కరలేదని ఆ దంపతులు జనం ఎదుట నడిచి చూపించారు. కూతురికి దళిత యువకుడితో పెళ్ళి నిశ్చయిస్తే, గాంధీగారు సేవాగ్రామంలో తానే జరిపిస్తానన్నారు. గాంధీగారి హత్య తరువాత 1948లో ఆ పెళ్ళి అక్కడే జరిగింది.

నాస్తికుడంటే కమ్యూనిస్టు అని పైన ఎవరో అన్నట్టు రాశారు. 1960ల చివరి నక్సలైటు ఉద్యమం చూసిన మన జిల్లాలలో అలా అనుకోవడానికి కారణం ఉంది గాని, గోరా గారు పార్టీలే వద్దన్నవారు. భగత్‌సింగ్ 1930లో లాహోరు జైలులో తాను నాస్తికుడిని ఎందుకయ్యానో రాసుకున్నాడు, ఆయన వామపక్షం. హిందుత్వ రాజకీయాలకు మూలపురుషుడైన సావర్కరు కూడా దేవుడిని నమ్మినవాడు కాదు. ఒకే సున్నా పక్కన ఎవరి అంకె వారు వేసుకున్నారు.

గంటస్తంభం (విజయనగరం)

సాలూరు సోదరా, గోరా గారి పట్ల మీకున్న గౌరవం నాకూ ఉంది. అయితే ఆయన చేసినది నాస్తికత్వంతో పాటు సంఘసంస్కరణ. కులం పోవాలి, అంటరానితనం పోవాలి, మూఢనమ్మకం పోవాలి అన్నవి ఆయన తన జీవితానికి విడిగా ఎంచుకున్న పనులు, గొప్ప పనులు. ఆ పనులు చెయ్యనివాడు పిరికివాడు కావచ్చు, బద్ధకస్తుడు కావచ్చు. నాస్తికుడు కాకుండా పోడు. నాస్తికుడు గుడిలో అడుగుపెట్టకూడదు, పిండం ముట్టకూడదు, పులిహోర తినకూడదు అని మనమే నియమాలు పెడితే, తెర్లాం బాబు అన్నట్టు అప్పుడు నిజంగానే ఒక మతం తయారవుతుంది.

నిప్పుల సంగతి మాత్రం భౌతికశాస్త్రం వాడిగా విడమర్చాలి. కట్టెబొగ్గు, దాని మీది బూడిద వేడిని చాలా నెమ్మదిగా అందిస్తాయి, అడుగు పడి లేచే సమయం తక్కువ. అందుకే చురుకుగా నడిచినవారి కాలు కాలదు. ఆగి నిలబడితే భక్తుడిదైనా నాస్తికుడిదైనా కాలుతుంది. దయచేసి ఇది చదివి ఎవరూ ప్రయత్నించకండి.

నిర్వాహకుడు

పులిహోర గురించి వచ్చిన ఏడు సందేశాలను తొలగించాను. విషయం మీద ఉండవలసిందిగా మనవి.

తెర్లాం కుర్రాడు (తెర్లాం)

చింతపిక్కల ఉదాహరణ మా హాస్టలులో చెప్పాను, రెండు గంటలు గొడవ జరిగింది. నాకు ఒక పని ప్రశ్న మిగిలింది. మా కళాశాల దరఖాస్తులో మతం అనే గడి ఉంది. నా స్నేహితుడు "లేదు" అని రాస్తే అక్కడి ఉద్యోగి కాగితం వెనక్కు విసిరి, తల్లిదండ్రులది రాసుకు రమ్మన్నారట. వాడు ఏం చెయ్యాలి?

కోర్టు గుమాస్తా, విశ్రాంత (శ్రీకాకుళం)

రాజ్యాంగం ఇరవై అయిదవ అధికరణం మొదట చెప్పేది అంతరాత్మ స్వేచ్ఛ, తరువాతే మతాచరణ. నమ్మకపోవడానికి కూడా అందులో చోటు ఉందని మీ స్నేహితుడు నెమ్మదిగా చెప్పవచ్చు. అరవకూడదు, అరిస్తే ఫైలు కిందికి పోతుంది. "లేదు" అన్న కాగితంతో పాటు, తీసుకోకపోతే కారణం రాసి ఇవ్వమని తెల్లకాగితం మీద ఒక వినతి రాసి రెండు ప్రతులు తీసుకువెళ్ళమనండి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోమనండి. ఉపకారవేతనానికో రిజర్వేషనుకో కుల ధ్రువపత్రం జతచేస్తున్నట్లయితే మాత్రం, గడిలో ఏదో ఒకటి రాసే ముందు తహశీల్దారు కార్యాలయంలో కనుక్కోవాలి. కొన్ని వర్గాలకు మతం గడి ఆ పత్రంతో ముడిపడి ఉంటుంది. ఆవేశంలో రాసిన ఒక్క మాట వలన ఫీజు మినహాయింపు పోగొట్టుకోకూడదు.

అరసవల్లి కిరణం (శ్రీకాకుళం)

కళింగపట్నం బాబు రాసినది మా వారికి చదివి వినిపించాను. మీ మావయ్యగారు అన్నది తప్పు బాబూ, పిండం దగ్గర అటువంటి మాట అడగకూడదు. అమ్మగారు ఇప్పుడు మీ దగ్గరే ఉన్నారా?

కళింగపట్నం లైటు (కళింగపట్నం)

ఉన్నారండీ. పొద్దున్నే పూజకు పువ్వులు నేనే కోసి ఇస్తాను, ఆవిడకు మోకాళ్ళ నొప్పి.